వచ్చే సీజన్‌కి నేను చెప్పిన జట్టు

నా నోరు మంచిది కాదని మా ఆయన పెళ్లైన కొత్తలోనే చెప్పాడు. నేను నమ్మలేదు. నోరు మంచిదే, వినేవాళ్లే సరిగ్గా లేరు అనుకునేదాన్ని. బాస్కెట్‌బాల్ విషయంలో అయితే మరీను.

మా ఊరి జట్టు ఆరేళ్లుగా ఓడిపోతూనే ఉంది. ఎప్పుడైనా ఒకటీ అరా గెలిస్తే అది అవతలివాళ్ల దయ. సీజన్ అయిపోయిందంటే చాలు, ఊళ్లో ప్రతివాడూ వచ్చే సీజన్‌కి జట్టు కూర్చేవాడే. బస్సులో కండక్టరు ఒక జట్టు చెప్తాడు, మందుల షాపాయన బిళ్లల అట్ట చించుతూ ఇంకో జట్టు చెప్తాడు. వాళ్లకీ నాకూ ఒకటే తేడా. వాళ్లు ఆట చూసి చెప్తారు, నేను బట్టలు చూసి చెప్తాను.

ఆ జట్టు బట్టలు ఉతికేది నేనే మరి. స్టేడియం మెట్ల కింద ఒక గది, రెండు వాషింగ్ మెషీన్లు, ఒక ఇస్త్రీ బల్ల, గోడ నుంచి గోడకి నాలుగు తీగలు. మ్యాచ్ అయిన మర్నాడు పొద్దున్నే పెద్ద బుట్టలో జట్టు మొత్తం బట్టలు వచ్చి పడతాయి. జెర్సీని తిరగేసి ఉతకాలి, తిరగేసే ఇస్త్రీ చేయాలి, లేకపోతే నంబరు పగుళ్లిస్తుంది. నెత్తురు మరకకి ముందు చన్నీళ్లు. పదిహేడేళ్లుగా ఇదే పని. ఆటగాడు కోచ్‌కి అబద్ధం చెప్పొచ్చు, పేపరువాళ్లకి చెప్పొచ్చు, నా బుట్టకి మాత్రం చెప్పలేడు. వీపు మీద ఉప్పు గీతలు కట్టాయంటే వాడు నిజంగా పరిగెత్తాడు. లాగు పక్కన నేల పాలిష్ అంటుకుందంటే బంతి కోసం పడ్డాడు. చంకలో కాస్త తడి తప్ప ఏమీ లేదంటే ఊరికే చేతులూపి వచ్చాడు. అందరికీ హీరో అయిన నాలుగో నంబరువాడి జెర్సీ సీజన్ పొడుగునా సెంటు వాసనే కొట్టింది. ఈ మాట అన్నానని జనం నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

ఏడో నంబరు మా తమ్ముడు. ఆరున్నర అడుగులు ఉంటాడు, ఇంట్లో వాడి పేరు చిన్నోడు. గ్యాలరీలో జనం స్తంభం అని పిలుస్తారు. అమ్మ పోయేనాటికి వాడికి ఎనిమిది, నాకు పంతొమ్మిది. వాడికి బూట్లు కొనలేక మా ఆయన పాత బూట్లకి ముందు గుడ్డ కుక్కి ఇచ్చేదాన్ని. రెండేళ్లు తిరక్కుండానే ఆ బూట్లే వాడికి ఇరుకైపోయాయి. పదకొండు సీజన్లు ఆడాడు. ముప్పై నాలుగొచ్చినా మా ముందు గదిలోనే ఉంటాడు. పెళ్లి మాటెత్తితే సీజన్ అయ్యాక అంటాడు, ఏ సీజనో చెప్పడు.

రెండేళ్ల కిందట వాడి కుడి మోకాలు చెడింది. జట్టులో ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకి కూడా చెప్పొద్దన్నాడు. నాకెందుకు చెప్పాడంటే, మోకాలికి చుట్టుకునే పట్టీలు ఉతకాలి కాబట్టి. అవి స్టేడియంలో ఉతికితే మందు వాసన పట్టేస్తారు. అందుకని ఇంట్లో వేడినీళ్లలో నానబెట్టి, చేత్తో ఉతికి, స్నానాల గది తలుపు వెనకాల ఆరేసేదాన్ని. నెలనెలకీ పట్టీ సాగిపోతున్న తీరు చూస్తే వాపెంత పెరుగుతోందో నాకు తెలిసేది. డాక్టరు పరీక్షకి ముందు వారం రోజులు కాలు కదపకుండా పడుకుని, నవ్వుతూ వెళ్లి, బాగుందని కాగితం రాయించుకొచ్చేవాడు. వాడి మొండితనం చూసి తిట్టేదాన్ని, తిడుతూనే పట్టీలు ఉతికేదాన్ని. ఆ పట్టీల సంగతి ఈ లోకంలో మా ఇద్దరికే తెలుసు.

ఈసారి సీజన్ అయిపోయాక, బట్టలన్నీ పెట్టెల్లో సర్దుతుంటే మధ్యాహ్నం పూట కోచ్ గారు నా గదికి వచ్చాడు. ఆయన వచ్చి ఏడాదే అయింది, పెద్దగా మాట్లాడే మనిషి కాదు. గుమ్మం దగ్గర నిలబడి కాసేపు తీగల వంక చూశాడు. నాలుగో నంబరు గురించి నేను క్యాంటీన్‌లో అన్న మాట ఆయన చెవిన పడిందట. సీజనంతా వీడియోలు తిరగేసి చూస్తే నేనన్నదే నిజమని తేలిందట. తర్వాత అడిగాడు.

"వచ్చే సీజన్‌కి మీరైతే ఎవర్ని ఉంచుతారమ్మా?"

పదిహేడేళ్లలో నన్నెవరూ ఆ ప్రశ్న అడగలేదు. సబ్బు ఎంత కావాలి, ఇస్త్రీ ఎప్పటికవుతుంది, ఇవే ప్రశ్నలు. ఇక నా నోటికి అడ్డూ ఆపూ లేకుండా పోయింది. ఇస్త్రీ బల్ల మీద జెర్సీలు పరిచి మరీ చెప్పాను. నాలుగో నంబరువాణ్ణి పంపేయండి, వాడు ఆడేది వాడి కోసమే. ప్రాక్టీసు జట్టులో ఉన్న బక్కోణ్ణి పైకి తీసుకురండి. వాడి మ్యాచ్ జెర్సీ ఎప్పుడూ సబ్బు వాసనతోనే వెనక్కొస్తుంది, ఎందుకంటే మీరు వాణ్ణి ఆడించరు. ప్రాక్టీసు బట్టలు పిండితే మాత్రం నీళ్లు కారతాయి. ఇంకా ఇద్దరు పరుగెత్తే కుర్రాళ్లని తీసుకోండి, పొట్టివాళ్లైనా పర్వాలేదు. మనం పొడుగు చూసుకుని మురిసిపోతున్నాం, అవతలివాళ్లు మన కాళ్ల మధ్య నుంచి పోతున్నారు. ఆయన చిన్న పుస్తకం తీసి రాసుకుంటున్నాడు. అది చూసి నాకు ఇంకా ఊపొచ్చింది.

మరి మీ తమ్ముడి సంగతేంటి అని అడిగాడు.

చిన్నోణ్ణి చివరి క్వార్టర్‌లో, ఆ పది నిమిషాలు మాత్రమే దించండి సార్, అప్పుడు ఇంకో రెండేళ్లు నిక్షేపంగా ఆడతాడు అన్నాను. డాక్టరు బాగుందన్నాడుగా, పది నిమిషాలే ఎందుకు అన్నాడాయన. అక్కడైనా నేను ఆగాల్సింది. ఆగలేదు. నేను చెప్పిన ప్రతి మాటకీ రుజువు చూపించాను కదా, దీనికి మాత్రం లేకపోతే ఎలా అనిపించింది. జట్టు బాగుపడాలి, వాడి కాలూ నిలబడాలి, రెండూ నా చేతిలోనే ఉన్నట్టు అనిపించింది. పట్టీల సంగతి చెప్పేశాను. ఎన్నాళ్ల నుంచి, ఎంత సాగుతున్నాయి, మెట్లెక్కేటప్పుడు వాడు గోడ ఎలా పట్టుకుంటాడు, అంతా.

ఆయన రాయడం ఆపేశాడు. పుస్తకం మూసి, మంచిదమ్మా అని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం మా ఆయనకి ఆ ముచ్చటంతా పూసగుచ్చినట్టు చెప్పాను. పట్టీల ముక్క ఒక్కటీ మింగేశాను. మింగేశానంటే తప్పు చేశానని నాకు అప్పుడే తెలుసన్నమాట.

మూడు వారాలకి ఆఫీసు బయట అద్దాల బోర్డులో కొత్త జాబితా పెట్టారు. పని మధ్యలో తడిచేతులతోనే పరిగెత్తాను. నాలుగో నంబరు లేడు. బక్కోడు ఉన్నాడు. పేరు కూడా వినని ఇద్దరు కుర్రాళ్లు, ఎత్తు పక్కన చూస్తే పొట్టివాళ్లే. అన్నీ నేను చెప్పినవే. సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆ అద్దం ముందు నిలబడి నేను నవ్వుకున్నాను. పక్కనున్న గేటు మనిషితో చూశావా అని కూడా అన్నాను. ఆ తర్వాతే మా తమ్ముడి పేరు వెతికాను. పై నుంచి కింది దాకా రెండుసార్లు చదివాను, లేదు.

కోచ్ గారి గదికి వెళ్లి అరిచాను. ఆయన అరవనిచ్చాడు. తర్వాత మెల్లిగా చెప్పాడు. పది నిమిషాలు ఆడినా ఆ మోకాలు నిలవదట, ఇంకోసారి పడితే మామూలుగా నడవడం కూడా కష్టమట. తెలిశాక ఆడిస్తే ఆ పాపం నాది అన్నాడు. మీ తమ్ముడికి మేలే చేశారన్నాడు. నేను చెప్పానని వాడికి చెప్పకండి సార్ అని బతిమాలాను. ఆయన నా వంక చూడలేదు, ఏదో ఫైలు సర్దుకుంటూ ఉండిపోయాడు.

ఇంటికొచ్చేసరికి చిన్నోడు, జట్టులో లేవని రాసిన ఉత్తరం మడిచి బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. వయసైందిగా అక్కా, ఎప్పటికైనా తప్పదుగా అన్నాడు. నేను కోచ్‌ని నోటికొచ్చినట్టు తిట్టాను. ఆయన వంశాన్ని తిట్టాను. పదకొండేళ్లు అరగదీసి మూల పారేశారన్నాను. తిట్టేకొద్దీ నా గొంతు నాకే అసహ్యం వేసింది, అయినా ఆపలేకపోయాను. చిన్నోడు నన్నే చూస్తూ అంతా విన్నాడు. నాకు తెలుసు, అప్పుడే చెప్పేయాల్సింది. మర్నాడు చెబుదాంలే అనుకున్నాను. మర్నాడు వాడి ముఖం చూసి, ఈ పూట వద్దులే అనుకున్నాను. అలా రెండు నెలలు గడిచాయి.

వాడికి బజారులో ఒక బూట్ల షాపులో పని దొరికింది. ఒకరోజు ఆ దారిన పోతూ అద్దంలోంచి చూశాను. ఎవరో కాలేజీ పిల్లాడు కుర్చీలో కూర్చుంటే, వీడు వాడి ముందు ఎడమ మోకాలి మీద వంగి పాదం కొలుస్తున్నాడు. లేచేటప్పుడు పక్కనున్న బూట్ల అర పట్టుకుని లేచాడు. లోపలికి వెళ్లి పలకరించాలనిపించింది, మొహం చెల్లక వచ్చేశాను. అన్నట్టు, ఆ ఉత్తరం వచ్చిన రోజు నుంచీ పట్టీలు నాకివ్వడం మానేశాడు. తనే ఉతుక్కుంటున్నాడు. ఖాళీగా ఉన్నానుగా అక్కా అన్నాడు, సరే అనుకున్నాను.

కొత్త సీజన్ మొదలైంది. మొదటి మ్యాచ్‌కి చిన్నోడు రానన్నాడు, షాపులో పనుందన్నాడు. నేను కూడా వెళ్లకూడదనే అనుకున్నాను. కానీ పైన ఆట జరుగుతుంటే, మెట్ల కింద గదిలో ఆ కాళ్ల చప్పుడు వింటూ ఎంతసేపని కూర్చుంటాను. రెండో క్వార్టర్‌కి పైకి ఎక్కేశాను. ఏం చెప్పమంటారు. ఆ పొట్టికుర్రాళ్లిద్దరూ బంతిని నేలకి అంటించినట్టు తీసుకుపోతున్నారు. బక్కోడు ఎడమ పక్క నుంచి వస్తున్నాడు, వేస్తున్నాడు, మళ్లీ వస్తున్నాడు. నేను కలలో కూర్చుకున్న ఆట కళ్ల ముందు జరుగుతోంది. పంతొమ్మిది పాయింట్ల తేడాతో గెలిచాం. కుర్చీ మీద ఎక్కి అరిచానని, ఏడ్చానని గేటు మనిషి తర్వాత చెప్పాడు. నాకైతే తెలియదు. ఆ గంటన్నరలో మా తమ్ముడు నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

మర్నాడు నా గదిలో బుట్ట తిరగేస్తే ఏడో నంబరు జెర్సీ వచ్చింది. కొత్త కుర్రాడికి ఇచ్చారు, రెండు సైజులు చిన్నది. వీపు నిండా ఉప్పు గీతలు. బాగా ఆడాడు పాపం. దాన్ని తిరగేసి మెషీన్‌లో వేయడానికి నాకు చేతులు రాలేదు. పని అలాగే వదిలేసి ఇంటికొచ్చేశాను.

చిన్నోడు షాపుకి బయల్దేరుతూ కుర్చీలో కూర్చుని బూట్లు వేసుకుంటున్నాడు. కుడికాలు ఇప్పుడు వంచలేడు, చాపుకునే లేసు కట్టుకుంటాడు. ఎలా ఆడారక్కా అని అడిగాడు. పదిహేడేళ్లలో నా జట్టు గురించి నేనెప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. ఏదో గెలిచాంలే కానీ అదొక ఆటా, బక్కోడు వట్టి దండగ, నువ్వుంటే ఆ కథే వేరు అన్నాను.

వాడు లేసు ముడి వేసి తలెత్తాడు.

"నేనొచ్చానక్కా. పై వరసలో కూర్చున్నా. నువ్వు కుర్చీ ఎక్కి అరవడం కూడా చూశా."

బల్ల అంచు పట్టుకున్నాను.

"నువ్వు చెప్పిన జట్టు బాగుంది," అన్నాడు. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. "కోచ్ ఉత్తరం ఇచ్చిన రోజే అంతా చెప్పాడు. నువ్వు చెబుతావేమోనని చూశా, ఇన్నాళ్లూ."

వాడే మళ్లీ అన్నాడు.

"బస్సులో చెప్పావు, మందుల షాపులో చెప్పావు, కోచ్‌కి చెప్పావు. ఇక చాలురా చిన్నోడా అని నాతో ఒక్కసారి అని ఉంటే, నేనే తప్పుకునేవాణ్ణి కదక్కా."

నిజమే. తప్పుకునేవాడు. నేను ఏం చెప్పినా చిన్నప్పటి నుంచీ ఎదురు చెప్పింది లేదు. తనే వెళ్లి, చేతులు కలిపి, ఆఖరి మ్యాచ్‌లో జనానికి చెయ్యి ఊపి, తలెత్తుకుని బయటికొచ్చేవాడు. ఆ ఒక్కటీ వాడికి దక్కకుండా చేశాను. వాడి దగ్గరికి వెళ్లి కూర్చుని తప్పైపోయిందిరా అనాలి. ఆ ఒక్క ముక్క చాలు. ఇంత నోరున్నదాన్ని, ఆ ఒక్క ముక్క అనలేక బల్ల పట్టుకుని నిలబడిపోయాను.

వాడు షాపుకి టైమైందక్కా అని లేచి, తలుపు మెల్లిగా దగ్గరికి లాగి వెళ్లిపోయాడు. మెట్లు దిగడానికి వాడికి చాలాసేపు పట్టింది. ఒక్కో మెట్టూ నాకు వినిపిస్తూనే ఉంది. పిలిస్తే ఆగేవాడే. నేను పిలవలేదు.