అయిదుగురు అడిగిన భూమి

ఈత చాపలన్నీ ఆడవాళ్ళ వైపే ఎందుకు వేస్తారో, మగవాళ్ళ వైపు కొత్త ప్లాస్టిక్ చాపలు, పోనీలే, ఆరాధన అయిపోయింది, మామూలు ఆదివారమైతే ఈపాటికి ఇంట్లో పొయ్యి దగ్గర ఉండేదాన్ని, ఇవాళ లేవడానికి లేదు, ప్రేమ్‌కుమార్ అయ్యగారు బల్ల మీద తెల్లకాగితం పరిచారు, సాలూరు నుంచి మా కొండ మీదికి పాస్టరుగా వచ్చి ఏడాది కాలేదు, చేతిరాత మాత్రం ముత్యాలే, ఆ ముత్యాల్లాంటి అక్షరాలతో మా నాన్నకి, ఆయన పేరు విశ్వాసం, వారసులెవరో ఇప్పుడు రాస్తారు, సంఘ పెద్దలు వేలిముద్రలు వేస్తారు, రేపు ఆ కాగితం పాడేరు వెళ్తుంది, అది చూసి ఆఫీసువాళ్ళు రెండెకరాల కాఫీ తోట పట్టాలో పేరు మారుస్తారు, అంతే పని, నాన్న పోయి నలభై రోజులు, అమ్మ అంతకుముందే పోయింది, సన్యాసిరావు పెద్దయ్య గొంతు సవరించుకుంటున్నాడు, విశ్వాసానికి మగబిడ్డ లేడు, తమ్ముడి కొడుకు టైటస్ ఉన్నాడు, మన కొండల్లో తాతల్నాటి నుంచీ అంతే, ఇందులో సెప్పుకోడానికేటుంది, రాసీయండి అయ్యగారూ బేగి, వాన వచ్చీలాగుంది, అంటున్నాడు, నేనూ చెల్లెలు సరళా ఇక్కడే ఉన్నాం, ఆయనకి మూడు బారల దూరంలో, మా వైపు చూడనైనా చూడలేదు.

మగబిడ్డ లేడట, తొంభై నాలుగులో నర్సరీ నుంచి కాఫీ మొక్కలు వచ్చినప్పుడు ఆ తట్టలు కొండ మీదికి ఎవరు మోశారు, గుంతలెవరు తవ్వారు, నాకు ఇరవై రెండు, సరళకి పద్నాలుగు, అరచేతులు బొబ్బలెక్కి వారం రోజులు అన్నం కలుపుకోలేకపోయాం, సిల్వర్ ఓక్ కొమ్మలు కొట్టడానికి చెట్టెక్కింది సరళే, ఆడపిల్ల చెట్టెక్కడమేమిటని ఊరంతా ముక్కున వేలేసుకుంది, ఎక్కకపోతే నీడ ఎక్కువై కాపు పోయేది, ఊరొచ్చి కొడుతుందా కొమ్మలు, టైటస్ చెడ్డవాడు కాదు, అది నేను కాదనను, అరకులో జీపు తోలుకుంటాడు, నాన్నని ఆస్పత్రికి దింపింది వాడి జీపే, కానీ ఈ తొమ్మిదేళ్ళలో తోటలో వాడి కాలు పడింది ఒక్కసారి, మిరియాల పాదులు ఎంత ఎత్తు పాకాయో చూడటానికి, ఇప్పుడేమో అక్క వరస కలిపి, అప్పా, మీకేటీ లోటు సెయ్యను, ఇంట్లో ఉండండి, తినండి అంటాడు, మా తోట తీసుకుని మాకు తిండి పెడతాడట, ఒళ్ళు మండిపోతోంది, ఒళ్ళు మండితే మాత్రం ఏం చేస్తాను, ముసుగు సర్దుకుని కూర్చున్నాను.

చదవచ్చు, అదొక్కటే దారి, పన్నెండేళ్ళుగా ఈ గుళ్ళో బైబిలు పాఠం చదివేది నేనే, పెద్దలకి అక్షరం రాదు, నేను అంగన్‌వాడీ టీచర్ని, ముసుగేసుకుని నిలబడి చదివితే ఎవరూ ఏమీ అనరు, చదివే గొంతు దేవుడిది, అదే పెద్దల కూడికలో మాట్లాడానా, గొంతు నాదైపోతుంది, ఆడవాళ్ళు సంఘంలో నోరెత్తకూడదని పౌలు గారు రాశారని కిందటి నెలే ప్రసంగం విన్నాం, సంఖ్యాకాండం వచ్చినప్పుడల్లా సన్యాసిరావు పెద్దయ్య, ఆ పేర్ల గోల మనకేటికి, దాటీ గుంటా అనేవాడు, ఇన్నేళ్ళొచ్చినా ఆయనకి నేను గుంటనే, చిన్నపిల్లనే, దాటేసేదాన్ని, ఏళ్ళ తరబడి దాటేశాను, బుద్ధి లేదు నాకు, నాన్న మంచాన పడ్డాక, ఏదీ వదలకుండా మొదట్నుంచీ సదువు, పేర్లయితే ఏటి, ఆళ్ళూ మనుసులే గదా అన్నాడు, సరే, పొద్దున్నే అంబలి తాగించి చదివేదాన్ని, ఫలానా గోత్రంలో ఇన్ని వేల మంది మగవాళ్ళు, ఫలానా గోత్రంలో ఇన్ని వేల మంది, ఆడవాళ్ళని ఎవరూ లెక్కపెట్టలేదు, నాకు ఆవలింతలొస్తున్నాయి, ఆ వేల తర్వాత ఉన్నట్టుండి అయిదుగురు ఆడవాళ్ళు, పేర్లతో సహా, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా, వాళ్ళకి అన్నదమ్ములు లేరు, తండ్రి సెలోపెహాదు ఎడారిలో చనిపోయాడు, అయిదుగురూ వెళ్ళి నాయకుడు మోషే ముందు, పెద్దలందరి ముందు నిలబడి, కొడుకు లేనంత మాత్రాన మా నాన్న పేరు చెరిపేస్తారా, మాకూ భూమి ఇవ్వండి అన్నారు, మోషే వెళ్ళి దేవుణ్ణి అడిగాడు, వాళ్ళన్నది సబబే, ఇవ్వు అన్నాడు దేవుడు, నాన్న కళ్ళు మూసుకునే మళ్ళా సదువు అన్నాడు, మూడుసార్లు చదివించుకున్నాడు, ఆయనికి అయిదుగురు, నాకిద్దరు అన్నాడు, ఆ తర్వాత వారమే పోయాడు, ఏడుపొస్తోంది, ఇప్పుడు ఏడవకూడదు.

సరళ మోచేత్తో పొడుస్తోంది, అప్పా సదువు, రాసేస్తన్నారు, లేచాను, అయ్యగారూ, ఒక్క పాఠం చదువుతానండి అంటే, పాఠమే కదా అని ఆయన తలూపారు, చదివాను, అయిదు పేర్లూ స్పష్టంగా, తొందరపడకుండా చదివాను, అయ్యగారు కలం పక్కన పెట్టారు, హమ్మయ్య అనుకున్నాను, అంతలో టైటస్ లేచి, అప్పా, ఆ పుస్తకం ఆఖర్న ఉన్నది కూడా సదువు, ఆ గుంటల్ని సొంత గోత్రంలోనే పెళ్ళాడమన్నారు కాదేటి, భూమి బయటికి పోకూడదని, నాను అయ్యగార్నడిగే వచ్చాను అన్నాడు, అమ్మ దొంగా, తయారయ్యే వచ్చాడు, చదవక తప్పుతుందా, చదివాను, ఆ అయిదుగురూ తమ తండ్రి అన్నదమ్ముల కొడుకులనే చేసుకున్నారు అనేసరికి తెరిసమ్మ ముసలమ్మ బుగ్గలు నొక్కుకుని, ఓలమ్మోలమ్మ, సిన్నాన్న కొడుకుల్నా, అన్నదమ్ముల్నే మనువాడీసారేటి, మేనమావ కొడుకులు దొరకలేదేటి ఆ గుంటలకి అంది, ఆడవాళ్ళందరూ గొల్లున నవ్వారు, టైటస్ నాకు చిన్నాన్న కొడుకే, తమ్ముడు, నా వంక చూడలేక చెవులెర్రగా చేసుకుని కూలబడ్డాడు, నాకూ నవ్వాగలేదు, అయ్యగారు బల్ల మీద తట్టి, అది ఆ దేశపు ఆచారం అమ్మా, ఆ కాలానిది, మనకి వర్తించదు అన్నారు, సన్యాసిరావు పెద్దయ్య ఆ మాట నేల మీద పడనిస్తాడా, అయితే ముందు సదివిందీ ఆ కాలానిదే గదేటి అయ్యగారూ, అదీ మనకి వర్తించదు, రాసీయండి అన్నాడు, అయ్యగారు నా వైపు ఓసారి చూసి కాగితం మీదికి వంగారు.

ఇంకేం చదవను, గబగబా పేజీలు తిప్పుతున్నాను, దెబోరా ఉంది, చెట్టు కింద కూర్చుని ఇశ్రాయేలుకంతటికీ తీర్పులు చెప్పింది, అది చదివితే ఆ కాలానిది అంటారు, మొదటి ఆడది హవ్వ పండు తిని పాపం తెచ్చిన మాట మాత్రం అన్ని కాలాలకీ వర్తిస్తుంది, చిన్నాన్న కొడుకుతో పెళ్ళి దగ్గర ఆచారం మారింది కానీ భూమి దగ్గర మారదు, నేనొక మాట తీస్తే వాళ్ళొక మాట తీస్తారు, పొద్దుగూకేదాకా తీయొచ్చు, ఈలోగా అక్కడ కాగితం మీద టైటస్ పేరులో ట అక్షరం పడిపోతుంది, ఛీ, చదవడం ఇక చాలు, బైబిలు మూసి సరళ ఒళ్ళో పెట్టాను, కూర్చోలేదు, అయ్యగారూ ఆగండి, ఇది పాఠం కాదు, నానే మాటాడతన్నాను, మా నాయిన తోట నాను తవ్వాను, నా సెల్లి తవ్వింది, మా ఇద్దరి పేర్న రాయండి అన్నాను, సరళ లేచి నా పక్కన నిలబడింది, సన్యాసిరావు పెద్దయ్యకి కోపమొచ్చింది, ఆడగుంటలకి భూమియ్యమని మన కొండల్లో ఎక్కడ రాసుందే అని గద్దించాడు, ఎక్కడ రాసుంది, నిజమే, ఎక్కడా రాసి లేదు, మహలా వాళ్ళు వెళ్ళేనాటికీ ఎక్కడా రాసి లేదు కదా, ఉంటే మోషే వెళ్ళి దేవుణ్ణి అడగడమెందుకు, వాళ్ళ చేతిలో ఏ పుస్తకమూ లేదు, ఉత్త చేతులతో వెళ్ళి సొంత నోటితో అడిగారు, ఎక్కడా రాసి లేదు పెద్దయ్యా, ఆళ్ళకీ రాసి లేదు, ఆళ్ళు అడిగాకే రాసారు.