పూలగది గొళ్ళెం

పెళ్ళివేదికకి పూలు తీద్దామని, పూలు వాడిపోకుండా ఉంచే చలిగది తలుపు తెరిచిన పూలమేస్త్రికి గులాబీ బుట్టల మధ్య పెళ్ళికూతురి మేనమామ శవం కనిపించింది.

పూలమీద కప్పే గోనెపట్టా ఒంటికి చుట్టుకుని, మోకాళ్ళు ముడుచుకుని పడున్నాడు. గోళ్ళు చితికాయి. తలుపు లోపలి రేకు నిండా గీతలు. ఆ తలుపుకి గొళ్ళెం మాత్రం బయటినుంచి పెట్టి ఉందన్నాడు మేస్త్రి.

అవతల హాల్లో కుర్చీలు సర్దేవాళ్ళు సర్దుతూనే ఉన్నారు. మైకువాడు "హలో, హలో" అంటూనే ఉన్నాడు.

"ఏడుపులు తర్వాత, బావగారూ" అన్నాడు పెళ్ళికొడుకు తండ్రి, పెళ్ళికూతురి తండ్రి భుజం పట్టుకుని. "గుండెజబ్బు మనిషి. ఘడియ వచ్చింది, పోయాడు. వచ్చిన చుట్టాలు నవ్విపోకముందే పెళ్ళి కానిచ్చేద్దాం."

సగం అల్లిన జడతో పరుగెత్తుకొచ్చిన పెళ్ళికూతురు ఆ మాట వింది.

"గొళ్ళెం కూడా గుండెజబ్బే పెట్టిందా, మామగారూ?"

ఆయన పెళ్ళికూతురి తండ్రి భుజం మీంచి చెయ్యి తీసేశాడు.

నిన్న మధ్యాహ్నం మేనమామ ఆమెను పక్కకి పిలిచాడు. "పెళ్ళికొడుకు గురించి ఒకటి తెలిసింది తల్లీ. అడగాల్సినవాళ్ళని అడిగి రేపు పొద్దున్నే చెప్తా. నిజమైతే ఈ పెళ్ళి వద్దు" అన్నాడు. అడగడానికే వెళ్ళాడనుకుని రాత్రి ఆమె వెతకలేదు. ఆ సంగతేమిటో చెప్పకుండానే పోయాడు. ఇంకాసేపట్లో ఆమె ఆ పెళ్ళికొడుకు పక్కన కూర్చోవాలి.

ఇన్‌స్పెక్టర్ రాగానే పూలమేస్త్రి చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"నిన్న సాయంత్రం లోపల్నుంచి ఈయనే తలుపు కొట్టారయ్యా. వాళ్ళ బావని తియ్యమని పిలిచారు. బావాబావమరుదుల సరసం, మధ్యలో మనమెందుకని నవ్వుకుంటూ పోయాను." నుదురు కొట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ పెళ్ళికూతురి తండ్రి వైపు తిరిగాడు. ఈ పెళ్ళి విషయంలో ఆయనా బావమరిదీ నిన్న అరుచుకోవడం వంటవాళ్ళంతా విన్నారు.

"బావ బతుకు కోరతాడంటారు. మీరేం కోరారు?"

"నేనా? వాణ్ణా?" అన్నాడాయన. కానిస్టేబుల్ ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు.

పెళ్ళికూతురు పూలమేస్త్రి ముందుకి వచ్చి నిలబడింది. "మామయ్య ఏమన్నాడో, అన్నది అన్నట్టు చెప్పు బాబాయ్."

"'బావగారూ, తలుపు తియ్యండి, చలికి చస్తున్నాను' అన్నారమ్మా."

"గారూ అన్నాడా? తియ్యండి అన్నాడా?"

"అవునమ్మా."

ఆమెకి నవ్వో ఏడుపో తెలియనిది ఒకటి తన్నుకొచ్చింది. "ఇన్‌స్పెక్టర్‌గారూ, నాన్నని మామయ్య జన్మలో 'గారు' అనలేదు. 'ఏం బావా, ఇంకా పోలేదా?' అని పలకరిస్తాడు. 'నిన్ను పంపకుండానా' అంటాడు నాన్న. అక్క మొగుడికి మర్యాదలేమిటి? ఆ మర్యాద కొత్త వియ్యంకుడికి చేస్తారు; నాన్న అన్నట్టే మామయ్యా ఆయన్ని 'బావగారూ' అంటాడు. ఈ హాల్లో మామయ్యకి బావగారు ఒక్కరే."

అందరి చూపులూ పెళ్ళికొడుకు తండ్రి మీద పడ్డాయి. పక్కనే ఉన్న పెళ్ళికొడుకు మెల్లగా దూరం జరిగాడు. అది చూశాక తండ్రి మొహం పాలిపోయింది.

"జరుగుతావేంరా? ఎవరికోసం చేశాను?" అని, పెళ్ళికూతురి వైపు తిరిగాడు. "వీడికి ఇదివరకే పెళ్ళయిందమ్మా. వీడు మెట్లమీంచి తోసేస్తే ఆ పిల్ల మంచాన పడి ఉంది. మీ మామయ్య వెళ్ళి కళ్ళారా చూసొచ్చి నన్ను నిలదీశాడు. నలుగురూ వినకుండా మాట్లాడుకుందామని పూలగదిలోకి తీసుకెళ్ళాను. చెప్పొద్దని కాళ్ళు పట్టుకున్నాను. వినలేదు. బయటికొచ్చి గొళ్ళెం పెట్టేశాను. పెళ్ళయ్యాక తీద్దామనుకున్నానంటే మీరు నమ్ముతారేమో. కానీ ఆయనది గుండెజబ్బని నాకు తెలుసు. ఈ మేస్త్రి నవ్వుకుంటూ పోయేదాకా స్తంభం చాటున ఉన్నాను. తర్వాత మళ్ళీ తలుపు దగ్గరికొచ్చి, కొట్టడం ఆగేదాకా నిలబడ్డాను. ఆగాక హాల్లోకెళ్ళి, కుర్చీలు చాలతాయో లేదో చూసుకున్నాను."