చప్పుడు చెయ్యని డిస్కు

ఆడపడుచుకి చెవులపిల్లి అని పేరు పెట్టింది వదిన కాదు. ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికే ఆ పేరు పాతబడిపోయింది. పుట్టుకతోనే చూపు లేని చెల్లెలు వీధి మలుపులో తన సైకిలు చప్పుడు విని, తను గుమ్మం చేరేలోపే గడియ తీసేస్తుంటే, చిన్నప్పుడెప్పుడో అన్న ముద్దుగా పెట్టిన పేరది. ఇప్పుడామె రేడియో స్టేషన్లో పనిచేస్తోంది. ఎవరైనా పెద్దమనిషి వచ్చి గంటసేపు మాట్లాడి పోతే, అందులోంచి దగ్గులూ నసుగుళ్ళూ కుర్చీ కిర్రులూ ఏరి పారేసి, ఆయన పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ తడబడలేదన్నట్టుగా తయారుచేసి పెడుతుంది.

వదినది బడి బస్సు నడిపే ఉద్యోగం. పగలంతా పిల్లల గోలలో బస్సు నడిపి, ఇంటికొచ్చి కంప్యూటర్లో లారీ నడుపుతుంది. "దీనికి స్టీరింగు పిచ్చి, దానికి కొట్లాట పిచ్చి. మధ్యలో నేను బలి" అని వాళ్ళాయన వాపోతుంటాడు. ఆయన ఆసుపత్రిలో నర్సు. ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటరు దగ్గర ఆయన వంతు ఎప్పుడూ ఆఖర్నే వస్తుంది.

కాపురానికొచ్చిన కొత్తలో చెవులపిల్లి కొట్లాట ఆట ఆడుతుంటే వదిన ముక్కున వేలేసుకుంది. తెర మీద ఇద్దరు మల్లులు ఒకర్నొకరు చావబాదుకుంటున్నారు. ఆ పిల్ల తెర వైపు మొహం కూడా పెట్టలేదు. తల కాస్త వంచి, రెండు స్పీకర్ల మధ్యా కూర్చుని, చేతిలో మీటల పెట్టె మీద వేళ్ళు ఆడిస్తోంది. ఎదుటివాడు ఎడమ స్పీకరులోంచి కుడి స్పీకరుకి దాటాడంటే తన తల మీంచి దూకాడన్నమాట. పిడికిలికి ఒక చప్పుడు, మడమకి ఇంకో చప్పుడు, ఊరికే గాలిలో చెయ్యి విసిరితే మరో చప్పుడు. అన్నీ ఆమెకి కంఠతా వచ్చు. అన్నని చిత్తుగా ఓడించి, "కళ్ళు తెరుచుకుని ఆడు అన్నయ్యా" అనేది. ఆయన ఉడుక్కునేవాడు. వదిన పడీపడీ నవ్వేది. వదినా ఆడపడుచులకి స్నేహం కుదిరింది అక్కడే.

ఒకరోజు ఆట మధ్యలో చెవులపిల్లి చేతులు ఆపేసింది.

"వదినా, హార్డ్ డిస్కు పోయేలా ఉంది."

"ఎలా తెలుసు?"

"గరగరమంటోంది కదా, ఆ గరగర మధ్యలో ఒక టక్కు వస్తోంది. ఇదివరకు లేదు."

వదిన వంగి కంప్యూటరు డబ్బాకి చెవి ఆనించింది. ఏమీ తేడా తెలియలేదు. ఆయన్ని పిలిచింది. ఆయన రోగి గుండె చూసినట్టు చాలాసేపు విని, "బాగానే ఉంది, ఏమీ లేదు" అని తేల్చేశాడు. చెవులపిల్లి మాత్రం ముఖ్యమైనవన్నీ పెన్ డ్రైవులోకి ఎక్కించి పక్కన పెట్టుకుంది. ఆ వారం తిరక్కుండానే వదిన లారీ ఒక వంతెన మధ్యలో నిలబడిపోయింది. ఎంతకీ కదల్లేదు. డబ్బాలోంచి టకటకా చప్పుడు ఈసారి ఇంటిల్లిపాదికీ వినపడింది.

"మందులతో నయమయ్యే జబ్బు కాదిది" అన్నాడు ఆయన, తన మాట పోయినందుకు తల గోక్కుంటూ.

హార్డ్ డిస్కు స్థానంలో ఎస్సెస్డీ, అంటే లోపల తిరిగే భాగాల్లేని కొత్తరకం డిస్కు, పెట్టాలన్న విషయంలో ఎవరికీ పేచీ లేదు. ఏది అన్నదే ప్రశ్న. వదినకి అన్నీ ఒకేలా కనిపించే పచ్చటి రేకులవి. చెవులపిల్లికి మాత్రం పండగలా ఉంది. నాలుగైదు రోజులపాటు ఫోను చదివి వినిపిస్తుంటే వింది. ఎవరెవరో కొని తిట్టినవీ, కొని మెచ్చుకున్నవీ అన్నీ వింది. అన్నం తింటూ కూడా వింటుంటే, "ఇంత వెతికి నాకు సంబంధం కూడా చూడలేదు మీరు" అని అన్న దెప్పాడు. "చూసుంటే వదిన తప్పించుకునేది" అంది చెవులపిల్లి.

సెలవు రోజున ఇద్దరూ బయల్దేరారు. ఆ దుకాణం పొడుగ్గా, ఇరుగ్గా, రైలు పెట్టెలా ఉంది. రెండు పక్కలా గోడలకి అట్టపెట్టెలు. లోపల బల్ల వెనక, కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకున్న దుకాణదారు ఒక కంప్యూటరుని విప్పి పెట్టుకుని కూర్చున్నాడు. వదిన చెయ్యి పట్టుకుని వచ్చిన చెవులపిల్లిని చూసి ఆయన వదినతోనే మాట్లాడాడు.

"చెప్పమ్మా, ఏం కావాలి?"

"నాకు కాదండీ, ఆ అమ్మాయికి. తననే అడగండి."

దుకాణదారు ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత కుర్చీ అటు తిప్పుకుని, "ఏం కావాలి తల్లీ?" అన్నాడు.

"ఆటలాడుకోడానికి ఎస్సెస్డీ కావాలండీ. మా కంప్యూటరు బోర్డులో అవి బిగించే చోట్లు రెండున్నాయి. పైది కాస్త వేగమైంది, కిందది దానికన్నా ఒక తరం పాతది."

ఆయన ముఖం వెలిగింది. పనికొచ్చే బేరం తగిలినప్పటి వెలుగు కాదు, మాట్లాడ్డానికి తగిన మనిషి దొరికినప్పటి వెలుగు. లోపలికెళ్ళి ఒక పెట్టె తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇప్పుడున్న వాటిల్లో దీన్ని మించింది లేదమ్మా. వేడెక్కకుండా పైన చిన్న ఫ్యాను కూడా ఉంది."

ఆమె ఆ లోహపు తొడుగునీ, దాని మీది బుల్లి ఫ్యానునీ వేళ్ళతో తడిమింది. "దీన్ని పెట్టిన కంప్యూటరేదైనా నడుస్తోందా ఇక్కడ?"

దుకాణం చివర ఒకటి నడుస్తోంది. చెవులపిల్లి దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెవి పెట్టింది. దుకాణదారు కళ్ళజోడు కిందకి దించుకుని చూస్తున్నాడు. ఇంకో బేరానికొచ్చిన కుర్రజంట కూడా ఏమిటా అని ఆగి చూసింది.

"ఈల వేస్తోందండీ" అంది లేచి. "సన్నగా. నా పక్కన కూర్చుని రోజూ ఈల వేసేవాళ్ళని నేను భరించలేను."

"నాకెప్పుడూ వినపడలేదే!"

"వినపడకపోవడమే అదృష్టమండీ. అయినా ఇంత వేగాన్ని మా బోర్డు అందుకోలేదు. మీరు బిందెతో పోసినా అది గ్లాసుడే పుచ్చుకుంటుంది."

"అదీ నిజమే" అని ఒప్పుకున్నాడాయన. "ఆట తెరుచుకోవడంలోనూ దీనికీ మామూలు దానికీ తేడా రెప్పపాటే."

"రెప్పపాటు తేడాతో నాకేం ఒరుగుతుందండీ?"

దుకాణదారుకి నవ్వొచ్చింది, నవ్వచ్చో లేదో తెలియక వదిన వైపు చూశాడు. వదిన ముందే నవ్వేసింది. దాంతో ఆయనా ఫక్కుమన్నాడు. ఆ నవ్వుతో ఆ దుకాణంలో అమ్మేవాడూ కొనేవాళ్ళూ అన్న తేడా పోయింది. ఆయన ఫ్యాన్లూ తొడుగులూ లేని మామూలు ఎస్సెస్డీలు తెచ్చి బల్ల మీద పరిచాడు. చూయింగ్ గమ్ రేకంత ఉన్నాయి ఒక్కొక్కటీ. చెవులపిల్లి ఒక్కోదాన్నీ అంచులు పట్టుకుని తీస్తోంది, పెడుతోంది, అడుగుతోంది. ఇది నిండేకొద్దీ నెమ్మదిస్తుందా? పెద్ద ఆటని ఒకేసారి ఎక్కిస్తే మధ్యలో ఆయాసపడుతుందా? ఎన్నేళ్ళ పూచీ ఇస్తున్నారు?

ఒకదాని దగ్గర ఆయన కాసేపు నీళ్ళు నమిలి, "దీన్లో చోటు ఎక్కువే తల్లీ, కానీ ముప్పాతిక నిండిందంటే చతికిలబడుతుంది. ఉన్నమాట చెప్పాలిగా" అన్నాడు.

"అందుకే మిమ్మల్ని అడుగుతున్నా" అంది ఆమె, దాన్ని సున్నితంగా పక్కకి జరిపి.

వదినకి ఆ లెక్కలేవీ బుర్రకెక్కలేదు. కానీ ఆ పిల్ల నిలబడ్డ తీరు చూస్తూ ఉండిపోయింది. తొందర లేదు, బెరుకు లేదు, తనకి తెలిసిందని గొప్పా లేదు. తెలియనిచోట "అదెలాగో చెప్పరూ" అని మనస్ఫూర్తిగా అడుగుతోంది. కొత్త బస్సుని చేతికి తీసుకునే ముందు తను చుట్టూ తిరిగి చక్రాలు తట్టి చూసుకోవడం గుర్తొచ్చి, ఇది తన పనికి అక్కచెల్లెలే అనుకుంది.

చివరికి చెవులపిల్లి రెండు ఎంచింది. మొదటిది చిన్నదే అయినా గట్టిది, నిండినా వేగం తగ్గనిది. అది పై చోటుకి. రెండోది వేగం ఒక పాలు తక్కువ, చోటు బాగా ఎక్కువ. అది కింద చోటుకి.

"రెండెందుకే? ఒక్కటి చాలదూ?" అంది వదిన.

"రెండోది నీది. పాత డిస్కులో చోటు చాలక, నా కొత్త ఆట వచ్చినప్పుడల్లా నీ లారీ ఆట చెరిపేసేదాన్ని. నువ్వేమో పోన్లే అనేదానివి. ఆ పోన్లే ఎలా అనేదానివో నాకు వినపడదనుకున్నావా?"

వదిన ఆమె చెయ్యి పట్టుకుంది. దుకాణదారు పెట్టెలు సంచిలో సర్దుతున్నట్టు కాస్త ఎక్కువసేపే నటించాడు.

బిగించడం ఇంట్లోనే చేసుకున్నారు. కరెంటు తీసేసి, డబ్బా పక్క రేకు విప్పి, చెవులపిల్లి ముందు ఆ ఇనుప చట్రాన్ని ముట్టుకుంది. ఒంట్లో కరెంటేమన్నా ఉంటే పోవాలట. ఎస్సెస్డీ కొసనున్న గాటుని గోటితో చూసుకుని, వాలుగా లోపలికి నెట్టింది. అది చిన్నగా కుదురుకుంది. వదిన స్క్రూ పెట్టబోయింది. నువ్వుగింజంత స్క్రూ, పట్టు జారి ఎటో పోయింది.

"అయ్యో, చచ్చాం! డబ్బాలో ఫ్యాను కిందకి పోయింది."

"లోపల పడలేదు. కింద పడి, ఒకసారి ఎగిరి, బీరువా దగ్గర ఆగింది."

వదిన బీరువా దగ్గర వెతికింది. ఉంది.

కొత్త డిస్కుతో కంప్యూటరు లేచిన వేగానికి అన్న కళ్ళు తేలేశాడు. టీ పెట్టుకుని వచ్చేలోగా తెరుచుకునేది కాస్తా, కుర్చీలో కూలబడేలోగా తెరుచుకుంది. అన్నాచెల్లెళ్ళు ఆటకి కూర్చున్నారు. చెవులపిల్లి ఓడిపోయింది. మళ్ళీ ఆడింది, మళ్ళీ ఓడింది. అన్న తన విజయం తనకే నమ్మశక్యం కాక గదంతా ఒక చుట్టు తిరిగొచ్చాడు.

"రాజ్యం మారిందే చెల్లీ!"

ఆమె నవ్వలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆయన వెళ్ళాక వదినతో మెల్లిగా అంది, "పాతది గరగరమంటూ ఉండేది కదా. అది ఆగితే ఆట మొదలైనట్టు. మధ్యలో ఒక్కసారి గర్రుమంటే ఎదుటివాడు పెద్ద దెబ్బకి సిద్ధమవుతున్నట్టు. నాకు తెలియకుండానే దాన్ని పట్టుకుని ఆడుతున్నా ఇన్నాళ్ళూ. ఇదేమో నోరు మెదపదు."

వదిన పక్కకొచ్చి కూర్చుంది. "పోనీ తిరిగిచ్చేద్దామా? ఆ దుకాణదారు మంచివాడు, ఏమీ అనడు."

"ఎందుకూ? డిస్కు తప్పేముంది? నేనే నేర్చుకోవాలి."

అప్పట్నుంచి ఆఫీసు నుంచి రాగానే కూర్చునేది. అన్న లేనప్పుడు కంప్యూటరుతోనే ఆడి ఓడేది. విసుక్కునేది కాదు. ఎక్కడ దెబ్బ తగిలిందో గుర్తుపెట్టుకుని, వెనక్కెళ్ళి ఆ ముక్కనే మళ్ళీ మళ్ళీ వినేది. పక్కన పిల్లల హాజరు పట్టిక సరిచూసుకుంటున్న వదిన అప్పుడప్పుడూ తలెత్తి చూసేది. ఓడినప్పుడు మనిషి ఎలా ఉండాలో చూడాలంటే ఈ పిల్లని చూడాలి అనిపించేది.

అలా ఒక సాయంత్రం ఆట మధ్యలో చెవులపిల్లి వేళ్ళు ఆగిపోయాయి. మల్లుడు దెబ్బలు తింటున్నా పట్టించుకోలేదు.

"వదినా, ఇక్కడ వాన పడుతోందా?"

వదిన బయటికి చూసింది. పొడి ఎండ. "లేదే."

"బయట కాదు. ఆటలో."

వదిన తెరకి దగ్గరగా జరిగింది. ఇద్దరు మల్లులు, వాళ్ళ వెనక రాతి గోడ, గోడకి ఒక మూల అరచేయంత కిటికీ. ఆ కిటికీ అవతల, సన్నగా, వాన. ఏళ్ళ తరబడి ఆ గోడ ముందు అన్నాచెల్లెళ్ళు కొట్టుకుంటుంటే చూస్తూనే ఉంది. ఆ కిటికీ ఉందని కూడా ఆమె గమనించలేదు.

"పడుతోందే" అంది, గొంతు తనకే కొత్తగా వినిపించింది. "మూల కిటికీలోంచి కనిపిస్తోంది. సన్నజల్లు."

"రేకు మీద పడుతోంది. ఇన్నాళ్ళూ గరగర కింద కప్పబడిపోయింది!" చెవులపిల్లి ముఖం విప్పారింది. "వదినా, వీడు ఊపిరి కూడా తీసుకుంటున్నాడు. కొట్టబోయే ముందు ఊపిరి బిగబడుతున్నాడు. విన్నావా?"

వదిన వినాలని చూసింది. ఎంత చెవి ఒగ్గినా ఆమెకి వానా వినపడలేదు, ఊపిరీ వినపడలేదు. కానీ మల్లుడు చెయ్యెత్తకముందే చెవులపిల్లి పక్కకి తప్పుకుంటోంది. తప్పుకున్న ప్రతిసారీ "అదిగో" అంటోంది.

వారాంతంలో అన్న రాజ్యం కూలిపోయింది. ఆయన మొదటి దెబ్బ ఎత్తేసరికే ఆమె అక్కడ లేదు. ఒకటి పోతే ఇంకొకటి, అదీ పోతే మరొకటి అంటూ మధ్యాహ్నం దాకా ఆడి, మీటల పెట్టె కింద పెట్టి, "ఇది మనిషి కాదు" అని చెల్లెలి నెత్తి మీద చెయ్యి వేసి వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత వదినా ఆడపడుచులు కొట్లాట మానేసి, ఆటలో ఉన్న చోట్లన్నీ ఒక్కొక్కటే తిరిగారు. మల్లుల్ని ఊరికే నిలబెట్టి, ఆమె ఏం వినపడుతోందో చెబితే, ఈమె ఏం కనపడుతోందో వెతికేది. సంతలో దూరంగా గొలుసు బావిలోకి దిగుతున్న చప్పుడు. వదిన వెతికి, బావి దగ్గర ఒక ముసలమ్మ ఉందని చెప్పింది. కొండ మీద గుడ్డ టపటపలాడుతోంది. అక్కడ చిరిగిన జెండా.

చివరగా ఓడరేవు. చెవులపిల్లి చాలాసేపు వింది. "ఎవరో కూనిరాగం తీస్తున్నారు వదినా. మగగొంతు."

వదిన తెరంతా గాలించింది. అలలు, తాళ్ళు, పేర్చిన పెట్టెలు, కొంగలు. ఎవరూ లేరు. ముక్కు తెరకి ఆనేంత దగ్గరగా వెళ్ళి, పెట్టెల సందులో చూసింది.

"దొరికాడు! పడవకి రంగేస్తున్నాడు. నీలం రంగు. బొటనవేలంత ఉన్నాడే."

"ఉండు, పాట పూర్తవనీ" అంది చెవులపిల్లి.

వదిన కుర్చీ ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. అతను కుంచె ఆడిస్తూనే ఉన్నాడు. పాట అయ్యేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.