బాయి గేటు కాడి రాయి

ఆగయ్య పట్టిన కుందేటికి మూడే కాళ్లు. డెబ్బయ్యో దశకం నడిమిట్లో గోదావరిఖని బొగ్గుబాయి కార్మికులు చందాలు వేసుకుని కాలేజీ పెట్టుకున్నప్పుడు, కమిటీలో వాళ్ల తరఫు మనిషి ఆయనే. శిల్పాల, చిత్రాల చరిత్ర చెప్పే లెక్చరర్ కావాలని ప్రిన్సిపాలు అడిగిన నాటి నుంచి ఆయనది ఒకటే పాట.

"బొగ్గు ఊరికి బొమ్మల చరిత్ర ఎందుకు సారూ? పోరగాండ్లకు కడుపు నింపే సదువు చెప్పుండ్రి."

కమిటీలో మిగతావాళ్లు ఆయన మాట జవదాటరు. ఆయన ఊఁ అంటేనే ఉద్యోగం. వచ్చిన మనిషేమో ఎలిజబెత్, ఆయనతో కలిసి బాయి దిగే స్తెఫను బిడ్డ. బరోడా దాకా పోయి ఆ చదువే చదివి వచ్చింది. ఇక్కడ కాదంటే మళ్లీ మూటాముల్లె సర్దుకుని పరాయి రాష్ట్రం పోవలసిందే.

అయినా ఆగయ్య కరగలేదు. ఇంటర్వ్యూలో తిరకాసు పెట్టాడు.

"పుస్తకాల ముచ్చట వద్దు బిడ్డా. మా బాయి గేటు కాడ మైసమ్మ ఉన్నది. గా రాయి చరిత్ర చెప్పు, సూద్దాం."

పొద్దుగూకుతుండగా అందరూ అక్కడికి నడిచారు. డ్యూటీకి పోయే ప్రతి మనిషీ మొక్కి పోయే రాయి అది. ఏళ్ల తరబడి పూసిన సిందూరం కింద ఏముందో ఎవరికీ తెలియదు. ఆగయ్య వదిన లస్మవ్వ అప్పటికే దీపం పెడుతోంది. బాయిలో కప్పు కూలిన రోజు తోటివాళ్లను బయటికి నెట్టి తాను పోయిన ముత్యం, ఆమె పెనిమిటి.

ఆగయ్య గేటు లోపలి నుంచి టోపీ లైటు తెప్పించి రాయి ముఖాన కొట్టాడు. ఎర్రటి ముద్ద తప్ప ఏమీ లేదు.

"ఎదురుంగ కాదు కాకా. పక్కకెల్లి పట్టు, రాయికి ఆనిచ్చినట్టు," అంది ఎలిజబెత్.

పక్క నుంచి వెలుగు పడగానే రాయి మీద నీడలు లేచాయి. ఓరి నాయనో! జన్మంతా లైటు నెత్తిన పెట్టుకుని తిరిగేవాళ్లు, ముఖం ఎటు తిప్పితే వెలుగు అటే. పక్క నుంచి చూడాలని ఒక్కడికీ తోచలేదు.

"ఇది మైసమ్మ కాదు," అనేసింది ఆ పిల్ల.

ప్రిన్సిపాలు ముఖం పాలిపోయింది. క్రైస్తవుల పిల్ల అమ్మవారిని కాదంటే ఊరు ఊరుకుంటుందా? ఎలిజబెత్ మాత్రం తొణకలేదు.

"ఉన్నది ఉన్నట్టు చెప్తున్న, తప్పుగ అనుకోకుండ్రి. ఇది వీరగల్లు. ఊరి కోసం కొట్లాడి పానం ఇడిసిన మనిషికి ఊరోళ్లు నిలిపిన రాయి. గీ కత్తి పట్టుకున్నది ఆయనే. పైన సూడుండ్రి, ఇద్దరు దేవకన్యలు సంకల కింద చేతులేసి స్వర్గానికి ఎత్తుకపోతున్నరు."

ఆగయ్య లైటును ఆ దేవకన్యల చేతుల మీదే నిలిపాడు. ముత్యాన్ని కూడా అట్లాగే పైకి తెచ్చారు. ఒక చంక కింద చెయ్యి ఆగయ్యది, రెండో చంక కింద స్తెఫనుది.

"ఆయన పేరేంది బిడ్డా?" అంది లస్మవ్వ.

"పేరు చెక్కలేదవ్వా. నాకు తెల్వది."

ఏదో ఒక పేరు అల్లి చెప్తే ఎవరు కాదంటారు? ఎరగనిది ఎరగనంది. ఎంత నికార్సయిన పిల్ల అనుకున్నాడు ఆగయ్య.

లస్మవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "మా ఆయినెకు రాయి లేదు బిడ్డా," అంది.

ఆగయ్య లైటు ఆర్పాడు.

"పెడదాం వదినా," అన్నాడు. "ఎట్ల చెక్కియ్యాల్నో మన కాలేజీ లెక్చరరమ్మనే చెప్తది."