ఆదివారం వంతు

పిచ్చమ్మ ఇంకా ఎదగలేదట. ఆ మాట వినీ వినీ నాకు ఒళ్ళు మండిపోతోంది. బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి ఆమెను ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వకుండా మా సంఘపెద్ద జ్ఞానయ్యగారు చెబుతూ వచ్చింది ఇదొక్కటే. "ఆత్మీయంగా ఇంకా ఎదగాల." ఎంత ఎదగాలో మాత్రం చెప్పరు. జొన్నచేనైతే ఎంత ఎత్తు వచ్చిందో గట్టు మీద నిలబడి చూడొచ్చు. మనిషి లోపల ఎంత ఎదిగిందో కొలిచే పని మాత్రం జ్ఞానయ్యగారు ఒక్కరే పెట్టుకున్నారు, కొలిచిన ప్రతిసారీ పిచ్చమ్మే తక్కువ తేలుతోంది.

మాది పిడుగురాళ్ల దగ్గర చిన్న ఊరు. మా ఆయన సామ్యేలు అక్కడ ఉపదేశి, మిషను బడికి పంతులు. ఆదివారం వాక్యం చెప్పడం వరకే ఆయన పని. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం ఇవ్వాలంటే గురజాల నుంచి పాస్టరు అయ్యగారు రావాలి. అసలే యుద్ధం రోజులు. పెట్రోలు లేక బొగ్గుతో నడిపే ఆ బస్సు ఎక్కడ ఆగిపోతుందో డ్రైవరుకే తెలియదు. అయ్యగారు ఏడాదికి రెండు మూడు సార్లు వస్తే గొప్ప. కాబట్టి పిచ్చమ్మను ఒక్కసారి ఆపితే నెలల తరబడి ఆపినట్టే.

మా గుడిలో మొదటి నుంచీ ఉన్నది మేమే, మాలలం. అవతలి గూడెం నుంచి, మాదిగల్లోంచి, వచ్చిన మొదటి మనిషి పిచ్చమ్మ. మొగుడు పోయాక షావుకారు సున్నపు బట్టీలో కూలి చేసుకుని బతుకుతోంది. ఆ బట్టీకి మేస్త్రీ కూడా మన జ్ఞానయ్యగారే.

మొదటిసారి పది ఆజ్ఞలు రావాలన్నారు. నేనే కూర్చోబెట్టి నేర్పాను. తడబడుతూనే అయినా అన్నీ చెప్పింది. తర్వాత చుట్ట మానాలన్నారు. ఆ మానిన కొత్తలో కనపడిన వాళ్ళందరినీ తిట్టింది, నన్ను కూడా తిట్టింది, కానీ మానింది. జ్ఞానయ్యగారి చుట్ట మాత్రం దగ్గుకు మందట! ఆ తర్వాత అమ్మోరి కొలుపు కూడు ముట్టకూడదన్నారు. గూడెం అంతా తింటుంటే ఆమె ఆ పూట పస్తు పడుకుంది. ఇంత చేసినా ఎదగలేదట. నేను గొణిగితే మా ఆయన నా మీదికే తిప్పేవారు. "ముందు నీ సంగతి చూసుకో. ఆ కోపమే నీ ఎదుగుదలకి అడ్డం," అనేవారు.

ఈసారి అయ్యగారు వస్తున్నారని కబురు రాగానే పిచ్చమ్మకు చెప్పాను. చీర ఉతికి ఆరేసుకుంది. శనివారం మధ్యాహ్నం మొహం వేలాడేసుకుని మా గుమ్మం ముందుకు వచ్చింది.

"ఈసారీ లేదంట పంతులమ్మా."

"ఈసారి ఏందంట?"

"ఆదివారం పని చేస్తున్నానంట. విశ్రాంతి దినం మీరినదాన్నంట."

"మరి ఎందుకు చేస్తున్నావే?"

"మేస్త్రీ వంతేస్తే చెయ్యకేం చేసేది?"

పొయ్యి మీది కూడు దించేసి, ఉన్నపళంగా బట్టీ దగ్గరికి నడిచాను. జ్ఞానయ్యగారు గొడుగు వేసుకుని రాళ్ళ కుప్ప పక్కన నిలబడి ఉన్నారు.

"ఏందమ్మాయ్, ఎండలో బడొచ్చావ్?"

"పిచ్చమ్మకి ఆదివారం వంతు ఎవరేశారు మామా?"

"నేనే. బట్టీ అంటించినాక ఆరనియ్యగూడదు గదమ్మా. నిప్పుకి ఆదివారం, సోమారం ఏం తెలుస్తయ్? ఆరిందంటే రాయంతా పచ్చిగా మిగిలిపోద్ది. షావుకారు నా తోలు వలుస్తాడు."

"సరే. మరి ప్రతి ఆదివారం ఆమేనా? మనోళ్ళకి వంతు లేదా?"

"మనోళ్ళు గుడికి రావాల గదమ్మా!"

అబద్ధమాడుతున్నట్టు కాదు, దాస్తున్నట్టూ కాదు. పొద్దు తూర్పున పొడుస్తుందన్నంత మామూలుగా అన్నారు. మేస్త్రీగా ఆమెను ఆదివారం పనిలో పెట్టేది ఈయన. సంఘపెద్దగా ఆదివారం పని చేసిందని ఆపేదీ ఈయనే. మేమంతా ఉతికిన బట్టలు కట్టుకుని విశ్రాంతి దినం ఆచరిస్తున్నామంటే, మా బదులు ఆమె నిప్పు ముందు కూర్చున్నందువల్లే. ఆ సంగతి ఈ మనిషి బుర్రకు ఒక్కనాడూ తట్టలేదు. సిగ్గు లేకపోతే సరి!

ఇంటికి వచ్చి మా ఆయనతో చెప్పాను. రేపు అయ్యగారి ముందు అడిగి తీరుతానన్నాను.

"ఆడదానివి, గుళ్ళో లేచి నోరు చేసుకుంటావా? ప్రార్థన చేసుకో, శాంతం వస్తుంది."

"చేశానండీ. చేసేకొద్దీ కోపం పెరుగుతోంది. నన్నేం చెయ్యమంటారు?"

ఆయన మర్నాటి వాక్యం చూసుకోవడానికి కూర్చున్నారు. పాపం, మంచివారే. సంఘపెద్దతో తగువు పడితే పంతులు ఉద్యోగం పోతుందని భయం. ఆ భయానికి ఈయన శాంతమని పేరు పెట్టుకున్నారు.

ఆదివారం పిచ్చమ్మ బట్టీకి పోకుండా గుడికి వచ్చింది. నేను రమ్మనలేదు. ఉతికిన చీర కట్టుకుని, సున్నానికి పగిలిన చేతులకు నూనె రాసుకుని, ఆడవాళ్ళ వరసలో చిట్టచివర కూర్చుంది. మగవాళ్ళ వైపు నుంచి జ్ఞానయ్యగారు చూసి మొహం ముడుచుకున్నారు. వాక్యం అయింది. బల్ల దగ్గరికి వచ్చేవాళ్ళు లేవండని అయ్యగారు అన్నారు. పిచ్చమ్మ లేచింది. జ్ఞానయ్యగారు గబగబా అయ్యగారి దగ్గరికి వెళ్ళి చెవిలో ఏదో చెప్పబోయారు.

ఇక నావల్ల కాలేదు.

"అయ్యగారూ, ఆ మాట పైకి చెప్పమనండి. మేమూ వింటాం," అంటూ లేచి నిలబడ్డాను.

గుడంతా నా వైపు తిరిగింది. మా ఆయన తల దించుకున్నారు. ఆజ్ఞల దగ్గర నుంచి ఆదివారం వంతు దాకా మొత్తం చెప్పేశాను. "వంతేసేది ఆయన, తప్పు ఆమెదా?" అని అడిగాను. అయ్యగారు జ్ఞానయ్యగారిని చూశారు. ఆయన చివరికి బయటపడ్డారు.

"అసలు సంగతి చెబుతానయ్యగారూ. ఉన్నది ఒకటే పాత్ర. దానికి ఆమె నోరు పెట్టినాక మేమెట్టా తాగేది? సంఘం చెదిరిపోద్ది."

అదీ సంగతి! ఆజ్ఞలు కాదు, చుట్ట కాదు, కొలుపు కూడు కాదు. అన్నాళ్ళూ ఆ పిచ్చిది ఒక్కొక్కటే వదులుకుంటూ దేవుడి దగ్గరికి నడుస్తున్నాననుకుంది. ఈయన ఆమెను గుమ్మంలోనే తిప్పుతున్నారు. ఊళ్ళో బావి దగ్గర మమ్మల్ని దూరం నిలబెడితే కుమిలిపోయే మేము, గుళ్ళో ఆమెను దూరం నిలబెడుతున్నాం. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుపు కాదు, ఉత్త కోపం.

అయ్యగారు జనాన్ని చూశారు, పాత్రను చూశారు.

"పిచ్చమ్మను చివర రానివ్వండి," అన్నారు. పెద్ద తీర్పు చెప్పినట్టు కళ్ళద్దాలు సర్దుకున్నారు.

నేను మళ్ళీ నోరు తెరవబోయాను. పిచ్చమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"చివరే తాగుతానయ్యగారూ. మేస్త్రీ ఎంగిలి తాగటానికి నాకేం రోత లేదు."

ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వెళ్ళి తీసుకుని వచ్చారు. నా వరస వచ్చినా నేను కదల్లేదు. చివర పిచ్చమ్మ వెళ్ళి మోకరించింది. రొట్టె కళ్ళకద్దుకుని తిని, పాత్ర అందుకుని తాగింది. అప్పుడు లేచి వెళ్ళి ఆమె పక్కన మోకరించాను. అయ్యగారు ఒక్క క్షణం తటపటాయించి పాత్ర నాకిచ్చారు. ఆమె తాగిన చోటే తాగాను. మా ఆడవాళ్ళలో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చడం వినపడింది.

ముగింపు ప్రార్థన జ్ఞానయ్యగారిదే. పిచ్చమ్మ అణకువను, తగ్గింపును బట్టి దేవుడికి స్తోత్రం చెల్లించారు. అన్నాళ్ళూ పెద్దలు ఆమెను ఆపి దిద్దినందువల్లే ఇంత ఎదిగిందట! అందరూ ఆమెన్ అన్నారు. పిచ్చమ్మ కూడా అంది. నేను పళ్ళు బిగించుకుని కూర్చున్నాను.

బయటికి వస్తుంటే గుమ్మం దగ్గరే జ్ఞానయ్యగారు పిచ్చమ్మను పట్టుకున్నారు.

"బల్ల అయిపోయింది గదా. ఇంక బట్టీ కాడికి పో. రాత్రి వంతోడు నీ కోసమే కూసోనున్నాడు."

"రాను మేస్త్రీ."

"రావా?"

"ఆదివారం పని చెయ్యగూడదని నువ్వే చెప్తివి గందా. చెయ్యను. రేపొస్తా."

అయ్యగారు పక్కనే చెప్పులు వేసుకుంటున్నారు. జ్ఞానయ్యగారు ఆయన్ను చూశారు. తర్వాత తెల్లబట్టల్లో ఉన్న మావాళ్ళను చూశారు. "ఒరేయ్, ఎవరన్నా ఒకళ్ళు రండిరా, నిప్పు ఆరిపోద్ది!" అన్నారు. ఒకడు కూతురి ఇంటికి వెళ్ళాలన్నాడు. ఒకడు అసలు విననట్టే నడిచాడు. చివరికి జ్ఞానయ్యగారే పంచె ఎగ్గట్టుకుని, తిట్టుకుంటూ బట్టీ వైపు దారి తీశారు.

పిచ్చమ్మ గూడెం వైపు వెళ్ళిపోయింది. మా ఆయన నా పక్కకు వచ్చి నిలబడ్డారు.

"ఇప్పుడన్నా చల్లారిందా నీ కోపం?"

లేదన్నాను. వచ్చే ఆదివారం వంతు ఎవరిదో ఇంకా ఎవరూ చెప్పలేదు. అయ్యగారు కూడా అడగకుండానే బస్సు కోసం వెళ్ళిపోయారు.