మామగారి దోమతెర

ఫెయిజోవా అనే విదేశీ జామ మొక్క నాటి ఆరేళ్లయింది. మొదటి మూడేళ్లు అది ఎదగడానికే సరిపోయాయి. నాలుగో ఏడు నాలుగు పూలు పూస్తే పిట్టలు రేకులు తినేశాయి. కోడలికి ఒళ్లు మండి, మామగారి మంచానికున్న దోమతెర ఊడదీసి, ఆపై రెండేళ్లూ పూతకాలమంతా చెట్టుకు కట్టింది. పూలు భద్రంగా వాడి, భద్రంగా రాలాయి. ఒక్క కాయ నిలవలేదు. గోడవతల దర్జీ పిన్నిగారి ఫెయిజోవా చెట్టుకు మాత్రం బుట్టలకొద్దీ కాయలు.

"మీ చెట్టు ఇంకా ఆలోచిస్తోందా, అమ్మాయ్?" అనేదావిడ, నాలుగు కాయలు చేతిలో పెడుతూ.

ఈ ఏడు భర్త గడువు పెట్టాడు. "ఈసారీ కాయకపోతే కొట్టించేసి స్కూటర్‌కి షెడ్డు వేయిస్తా. ఎండకి సీటు పెనంలా కాలుతోంది."

"మీ స్కూటర్ కంటే వయసులో చిన్నది. దానిమీదా మీ ప్రతాపం?"

మాట విసిరిందే గానీ భర్త అన్నంత పనీ చేస్తాడని ఆమెకు తెలుసు. పెళ్లయ్యాక ఈ ఇంట్లో ఆమె తనంతట తాను తెచ్చిపెట్టుకున్నది ఆ చెట్టొక్కటే.

దానికి తోడు మామగారు తెర వెనక్కి అడిగారు. "దోమలు నన్ను కొరుక్కుతింటున్నాయమ్మా." ఆయన తెర ఆయనకివ్వనంటే బాగుండదని ఇచ్చేసింది.

పూత వచ్చింది. ఒక ఉదయం వంటింటి కిటికీలోంచి చూస్తే, దర్జీ పిన్నిగారింట్లో పేపరు చదివి వస్తున్న మామగారు చెట్టు దగ్గర ఆగారు. తెల్లని గుబురు మీసం అప్పటికే అక్కడి పూల పుప్పొడితో పసుప్పచ్చగా ఉంది. అటూ ఇటూ చూసి, చేతులు వెనక్కి కట్టుకుని, వంగి ఒక రేకు పెదాలతో లాక్కున్నారు. కళ్లు మూసుకుని నమిలారు. తర్వాత ఇంకో పువ్వు.

ఆ రేకులు తియ్యగా ఉంటాయి. డాక్టరు తీపి మాన్పించి ఎనిమిది నెలలు. పంచదార డబ్బా బీరువా మీద దుప్పట్ల వెనక దాచింది ఈ కోడలే. ఆ రోజు నుంచీ చప్పటి కాఫీని ఆయన ఒక్క మాటైనా అనకుండా మందులా మింగుతున్నారు.

"మామయ్యా!" అన్న పిలుపు నాలుక చివరిదాకా వచ్చింది. పిలిస్తే పూలు మిగిలి చెట్టు దక్కుతుంది. డెబ్బై రెండేళ్ల పెద్దమనిషి మాత్రం పెరట్లో దొంగలా దొరికిపోతారు. ఆమె చప్పుడు కాకుండా కిటికీ మూసింది. ఆ సాయంత్రం చెట్టుకు రెండు బకెట్లు ఎక్కువ నీళ్లు పోసింది, క్షమాపణ చెప్పుకుంటున్నట్టు. మర్నాటి నుంచి పెరట్లోకి వెళ్లేముందు నాలుగు గిన్నెలు మోగించడం అలవాటు చేసుకుంది.

నెలలు గడిచాయి. చెట్టు వైపు తేరిపార చూసే ధైర్యం ఆమెకు లేకపోయింది. షెడ్డు మేస్త్రీ టేపు పట్టుకుని వచ్చేశాడు.

"ఒక్క కాయ చూపించు, ఇప్పుడే ఆపేస్తా," అన్నాడు భర్త.

చూపించడానికి ఆకులే ఉన్నాయి. మేస్త్రీ వంగి టేపు పరిచాడు. దాని పక్కనే టప్‌మని ఏదో పడింది. కోడిగుడ్డంత, ఆకుపచ్చ కాయ. ఈ కాయ పండినా రంగు మారదు, ఆకుల్లో కలిసిపోతుంది. పక్వానికొస్తే తనే రాలుతుంది. భర్త కొమ్మ ఎత్తి చూశాడు. అక్కడ మూడు, వెనక ఏడు.

మేస్త్రీ టేపు చుట్టేశాడు. "కాసే చెట్టు నేను కొట్టను సార్."

గోడమీంచి దర్జీ పిన్నిగారు తల పెట్టింది. "మరి మొన్న నర్సరీ ఆయన చెప్పాడు. నాది ఒంటరిగా కాసే రకమట, నీదానికి పక్క చెట్టు పుప్పొడి కావాలట. తెర కట్టి పిట్టల్ని తరిమేస్తే ఎలా కాస్తుందమ్మా?"

"మరి ఈసారి పుప్పొడి మోసుకొచ్చిందెవరో?" అన్నాడు భర్త.

అరుగుమీద మామగారు పక్కింటినుంచి తెచ్చుకున్న పేపరు మెల్లగా పైకి లేచి ముఖాన్ని కప్పేసింది.

"పిట్టే అయ్యుంటుంది," అంది కోడలు. "కాస్త పెద్ద పిట్ట. రోజూ పేపరు వచ్చే వేళకి వచ్చేది."

పేపరు ఇంకాస్త పైకి లేచింది. ఆమె కాయను రెండు ముక్కలు చేసి, ఒక ముక్క చెంచాతో సహా సాసర్లో పెట్టి ఆయన పక్కన ఉంచింది. పేపరు వెనకనుంచి చెయ్యొకటి వచ్చి సాసరును లోపలికి తీసుకుపోయింది.

"వచ్చే ఏడు కూడా ఆ దోమతెర మీ దగ్గరే ఉంచుకోండి, మామయ్యా," అందామె.