ఇరవై ఐదుతో భాగిస్తే

ఐదో చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఉండగా ఫోన్ మోగింది. నీటిని పరీక్షించే ల్యాబ్ నుంచి. ఎనిమిది నెలల్లో, పదకొండు దరఖాస్తుల తర్వాత, మనిషి గొంతుతో వచ్చిన మొదటి జవాబు అది. అవతలివాళ్లకు కనిపిస్తుందన్నట్టు చేతులు తుడుచుకుని మరీ ఫోన్ తీసిందామె.

"మీ ఉత్తరం మా సూపర్‌వైజర్‌కి బాగా నచ్చిందండీ," అంది నియామకాలు చూసే ఆవిడ. "కానీ మీ గ్రేడు నాలుగుకి రెండు పాయింట్ ఎనిమిది నాలుగు అని ఉంది. మూడు దాటకపోతే మేం పిలవం. ఆ లెక్క సరైనదేనా?"

"ఇండియాలో మా యూనివర్సిటీలో వందకి వేస్తారండీ. నాకు డెబ్భై ఒకటి. దాన్ని ఇరవై ఐదుతో భాగించి..."

"అయ్యో, భాగించడమేంటి? మార్కులు ఉన్నవి ఉన్నట్టు రాసి, అక్కడ ఎంతొస్తే ఏ క్లాసో కింద చెబితే చాలు కదా! ఎవరు వేశారండీ ఈ లెక్క?"

"నేనే... పొరపాటున."

ఐదింటిలోపు సరిచేసి పంపితే చూస్తామంది ఆవిడ. అప్పటికే మూడుంపావు.

నేనే అని ఎందుకు అన్నట్టు? ఆ మాట నాలుక మీద ఎప్పుడూ తయారుగా ఉంటుంది కాబోలు. పాపకి జలుబు చేసినా, మామగారి మందులు అయిపోయినా, ఆయన తాళాలు కనపడకపోయినా నేనే, నాదే, పొరపాటున. భాగించింది ఆయన కదా! మొదటి దరఖాస్తు రాస్తున్న రోజు వెనక నుంచి వంగి, "డెబ్భై ఒకటంటే ఇక్కడివాళ్లు బొటాబొటీగా పాసైందనుకుంటారు, ఇక్కడి పద్ధతిలో నాలుగుకి మార్చెయ్," అంటూ తనే టకటకా మార్చేశాడు. రెండో ర్యాంకు అని రాసుకున్న వాక్యం కూడా కొట్టేశాడు. "మరీ గొప్పలు పోయినట్టుంటుంది," అన్నాడు. ఫోన్లో వింటున్న అత్తగారు అందుకుంది: "వాడికి తెలుసులేమ్మా, వాడు చెప్పినట్టు చెయ్." ఎనిమిది నెలలు నోరు మూసుకుని చెప్పినట్టే చేసింది. తలుచుకుంటే ఒళ్లు మండిపోతోంది.

ఒళ్లు మండటానికి అసలు కారణం ఇంకా ముందుంది. ఆయన రెజ్యూమే తెరిచి చూసింది. ఆరేళ్ల క్రితం, ఈ దేశం వచ్చిన కొత్తలో, ఆమే కూర్చుని రాసిపెట్టింది దాన్ని. ఇద్దరూ చదివింది ఒకే యూనివర్సిటీలో. ఆయన మార్కులు అరవై రెండు. ఎవరూ దేనితోనూ భాగించలేదు. "మొదటి శ్రేణి. ఈ యూనివర్సిటీలో అరవై దాటితే మొదటి శ్రేణి. డెబ్భై దాటేవారు నూటికి ముగ్గురు." ఆ వాక్యం కోసం వారం రోజులు పాత నియమాలు వెతికింది. నెల తిరక్కుండా ఆయనకి ఉద్యోగం వచ్చింది. ఆ నూటికి ముగ్గురిలో తనొకత్తెనని, ఆ వాక్యం తన రెజ్యూమేకి ఇంకా బాగా అతుకుతుందని, ఇన్నాళ్లూ తట్టనే లేదు. తన మీద తనకే చెప్పలేనంత చిరాకేసింది.

ఆయన ఇవాళ ఇంటి నుంచే పని చేస్తున్నాడు. గది తలుపు తీసి అడిగింది.

"ఏమండీ, మీ అరవై రెండుని ఎందుకు భాగించలేదు?"

చెవుల మీది హెడ్‌ఫోన్ ఒకటి పక్కకి జరిపాడు. "నాది ఇంజనీరింగ్. నీది ఉత్త ఎమ్మెస్సీ. రెండింటికీ పోలికేంటి? మీటింగ్ ఉంది, కాస్త టీ పెట్టు. ఏదైనా పంపాలంటే ముందు నాకు చూపించు."

టీ పెట్టలేదు. చొక్కాల పక్కనే ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. వందకి డెబ్భై ఒకటి. మొదటి శ్రేణి. నూట తొంభై మందిలో రెండో ర్యాంకు. ఎంతకి ఏ శ్రేణో చెప్పే పట్టిక మార్కుల జాబితా వెనక ఉంటే, దాన్ని ఫోటో తీసి జత చేసింది.

"టీ ఏమైంది? రాయడం అయిందా? తీసుకురా, చూస్తాను," గదిలోంచి కేక.

ల్యాబ్ ఆవిడకి నాలుగు ముక్కలు రాయాలి. అలవాటు పడ్డ వేళ్లు "నా పొరపాటు వల్ల" అని టైప్ చేసేశాయి. ఆమె దాన్ని కాసేపు చూసింది. ఒక్కొక్క అక్షరమే చెరిపింది. మళ్లీ రాసి, ఎవరికీ చూపించకుండా పంపేసింది.

"ముందు పంపిన అంకె నా భర్త వేసిన లెక్క. ఈ మార్కులు నాకు వచ్చినవి."